లారీ నెత్తిమీది పలక

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. మా కొడుకు కొత్తగా ట్రైలర్ లారీ కొంటున్నాడు. ఈ రోజు నిజామాబాద్‌లో బాడీ కట్టే షెడ్డుకు నన్నూ తీసుకుపోయాడు. డీజిల్ తక్కువ తాగాలని ఇంజను, గేర్లు, టైర్లు అన్నీ కంపెనీ దగ్గరే ఏరి ఏరి ఎంచుకున్నాడు. నేనేమీ అనలేదు. పాత లారీ నెత్తిమీద నిలబెట్టిన మా ఆయన పేరు పలక కొత్తదానికి వద్దన్నప్పుడు మాత్రం ఊరుకోలేదు.

"గా పలక గాలికి అడ్డమైతదే అవ్వా. మైలేజీ పడిపోతది" అన్నాడు.

"మీ బాపు బతికినన్ని రోజులు ఎవ్వలకు అడ్డం రాలె. సచ్చినంక గాలికి అడ్డమొచ్చిండారా?"

షెడ్డు మేస్త్రి నవ్వు ఆపుకున్నాడు. "ఎనుక పెడ్తం అవ్వా, ఆడ గాలి తగలదు" అన్నాడు.

"ఎనుక పెడితే పోయేటప్పుడే కనవడ్తది. సాంగ్లీల పసుపు దింపి మర్లొచ్చేటప్పుడు ఎదురొచ్చేది మన బండేనని నాకెట్ల ఎరుకైతది?"

ఆ పలక మీది అక్షరాలు నేను చదవలేను. కానీ మా ఊరి ఎడపల్లి రోడ్డు మీద ఎంత దూరంలో ఉన్నా వాటిని పోల్చుకుంటాను.

 కొడుకు, గాలిని మళ్లించడానికి క్యాబిన్ మీద బిగించే వంపు రేకు చూపించి, "దీని మీదనే గా అక్షరాలు గట్లనే రాయిస్త. సాలునా?" అన్నాడు.

సాలన్నాను. సాయంత్రం ఇంటికొచ్చి, పాత పలకను మా దర్వాజ మీద బిగించమన్నాను. ఇల్లు డీజిల్ తాగదు కదా! నేను ఓడానో గెలిచానో మీరే చెప్పండి.