గొంగడి టాపు కారు

మొన్న ఆదివారం అన్నాలయ్యాక మా మనవడు నా పక్కన కూర్చుని, ఫోనులో ఒక కారు గురించి ఎవరెవరో చెప్పే అభిప్రాయాలు వింటున్నాడు. రెండు తలుపులు, రెండు సీట్లు, నేలకు అంటుకుపోయినట్టున్న ఎర్ర కారు. ఒకాయన దాన్ని ఆకాశానికెత్తుతున్నాడు. ఇంకొకాయన, కంపెనీ పెద్దదే కానీ వాళ్లు చేసే రేసు కార్లలో ఇది అన్నిటికంటే చిన్నది, చౌకది, అసలుది కొనలేనివాళ్లు పేరు కోసం కొనుక్కునేది అని తీసిపారేస్తున్నాడు. అలాంటి దాన్ని 'ఎంట్రీ లెవెల్' అంటారట. పెళ్లయి ఏడాది కూడా నిండని మా మనవడు దాని మీద మనసు పడ్డాడు కానీ, ఆ మాటలు విన్నకొద్దీ వాడి ముఖం వాడిపోతోంది. నాకేమో నవ్వొచ్చింది. ఆ మాటలన్నీ, ఇంచుమించు అదే వరుసలో, నేను నా కాపురం కొత్తలోనే విని ఉన్నాను.

పంతొమ్మిదివందల అరవై దాటిన తొలి ఏళ్ల సంగతి. మా ఆయన, వాళ్ల అన్న కలిసి పాలమూరులో ఆయిల్ ఇంజన్లు బాగుచేసే షెడ్డు నడిపేవాళ్లు. బావుల మీద అప్పుడప్పుడే ఇంజన్లు వస్తున్న కాలం, అందుకని పనికి కొదవ లేదు. అలా పనికి పోయిన ఒక దొరగారి గడిలో, ఆ కోటలాంటి ఇంటి గడ్డికొట్టం వెనకాల, పాత సీమకారు ఒకటి మా ఆయన కంట పడింది. దొరగారి కొడుకు షోకుకు తెప్పించుకుని, పట్నంలో కాపురం పెట్టాక దాన్ని మరిచిపోయాడు. కోళ్లు అందులో గుడ్లు పెడుతున్నాయి. వాళ్లు దాన్ని వదిలించుకుంటే చాలనుకున్నారు, ఈయన తెచ్చుకుంటే చాలనుకున్నాడు. ఎడ్లబండికి కట్టి షెడ్డుకు లాక్కొచ్చి, తీరిక దొరికినప్పుడల్లా విప్పి, కడిగి, బిగించి, కొన్ని నెలలకు దానికి ప్రాణం పోశాడు. ఆకుపచ్చ రంగు వెలిసిపోయి పాచిరంగైంది. పొడుగాటి మూతి, వెనకాల అంటించినట్టు స్టెప్నీ చక్రం, దానిపైన పెట్టె పట్టేంత ఇనప చట్రం, మధ్యలో రెండంటే రెండు సీట్లు. మీద ఉండాల్సిన గుడ్డ టాపును ఎలుకలు ఎప్పుడో తినేశాయి.

ఇక ఊళ్లో దాని గురించి మాట్లాడనివాళ్లు లేరు. బస్టాండు ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లో మోటార్లంటే చెవికోసుకునే నలుగురైదుగురు చేరేవాళ్లు, వాళ్లకు పెద్దదిక్కు నారాయణపేట బస్సు నడిపే డ్రైవరు. ఆయన చదివింది మోటారు పుస్తకాలో, పట్నంలో విన్న కబుర్లో తెలియదు కానీ, ఆ కంపెనీ చేసే పెద్ద రేసు బండ్ల ముందు ఇది పసిపిల్ల అని, కొనేవాళ్ల జేబు చూసి ఇంజను తగ్గించి చేశారని, మూతి చూసి మురిసిపోవాలే తప్ప సత్తా లేదని తేల్చేశాడు. లెక్కల సారు ఒకాయన మాత్రం బండి బరువు తక్కువ కాబట్టి ఆ చిన్న ఇంజనే ఎక్కువని వాదించేవాడు. మా ఆయన రాత్రి అన్నం ముందు కూర్చుని ఎవరేమన్నారో, తాను ఏమి జవాబు చెప్పాడో పూస గుచ్చినట్టు చెప్పేవాడు. అన్నిటికీ ఆయన దగ్గర జవాబుండేది గానీ, డ్రైవరు అన్న ఈ ఒక్క మాట చెప్పి, అన్నం కలపడం మొదలుపెట్టేవాడు.

"షోకు బండి అంటవు, మీద మూత లేదు. వానొస్తే చెంబు వట్టుకోని నీళ్లు తోడుతవా?"

మా అత్తమ్మది వేరే అభిప్రాయం. ఇంట్లో ఇంతమంది ఉండగా ఇద్దరే ఎక్కే బండి తేవడమే ఆమెకు నచ్చలేదు. అది ఇంటి కలివిడిని చెడగొట్టే వస్తువని ఆమె గట్టి నమ్మకం. ఆ ఏడు ఆషాఢానికి కొత్త కోడలినని నేను పుట్టింటికి పోయాను. శ్రావణంలో నన్ను తీసుకురావడానికి ఆ కారులోనే పోతానని మా ఆయన పట్టుబట్టాడట. అత్తమ్మ చాలాసేపు వాదించి, చివరికి ఒక షరతు పెట్టింది. కోడలు పద్ధతిగా, ఒడిబియ్యంతో, ఏ లోటూ లేకుండా ఇల్లు చేరితే సరి, లేదంటే మరునాడే ఆ బండి ఎవరికైనా ఇచ్చెయ్యాలి. ఈయన సరేనని వచ్చేశాడు.

మా పుట్టిల్లు నారాయణపేట దగ్గర పల్లె. గొర్లు, ఎడ్లు, కొంత మెట్ట చెలక ఉన్న ఇల్లు. మా బాపు సంతలో ఎద్దును చూసి దాని వయసూ గుణమూ చెప్పేవాడని చుట్టుపక్కల పేరు. అల్లుడు తెచ్చిన కారు చుట్టూ కూడా ఆయన అలాగే తిరిగాడు. చక్రాల దగ్గర కూర్చుని గిట్టలు చూసినట్టు చూశాడు, మూతి మీద తట్టాడు, వెనక్కి జరిగి నడుము వాలు చూశాడు. ఎత్తు లేదు గానీ దమ్మున్నది అన్నాడు. మా ఆయన ముఖం వెలిగిపోయింది. హోటల్లో అంతమంది ఏమన్నా, మామ నోటి నుంచి వచ్చిన ఆ ఒక్క మాటను ఆయన చివరిదాకా చెప్పుకునేవాడు.

మా అమ్మ, చుట్టాల ముత్తైదువులు పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడకలు, పోకలు, ఖర్జూరాలు నా ఒడిలో పోసి మూట కట్టారు. మా ఇంట్లో ఆ మూటను దారిలో కింద పెట్టకూడదు, తడవనివ్వకూడదు. అత్తగారింట్లో ఆ బియ్యం వండి నలుగురికీ పెట్టాలి. నేను కొత్త నారాయణపేట చీర కట్టుకుని, మూట పట్టుకుని గడప దాటి కారు దాకా వచ్చాను. అప్పుడు బాపు అడిగాడు.

"బండి మంచిగనే ఉన్నది గని, తోడు యాడ గూసుంటది?"

ఒడిబియ్యంతో పోయే పిల్ల వెంట ఒక పెద్ద ముత్తైదువ తోడు పోవాలి. అది చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి. మా ఆయన ఇంజను గురించి ఆలోచించాడు, దారిలో పోయడానికి డబ్బాలో పెట్రోలు పట్టుకొచ్చాడు, పంచరు సామాను తెచ్చాడు. సీట్లు మాత్రం తనకొకటి, నాకొకటి అని లెక్క వేసుకుని వచ్చాడు. ఆ లెక్క నాకు చెప్పకపోయినా తెలిసింది, నిజం చెప్పొద్దూ, నా లెక్క కూడా అదే. పెళ్లయిన నాటి నుంచి ఇంటినిండా మనుషులే, ఆయన పక్కన కూర్చుని నాలుగు మాటలు మాట్లాడుకున్నది లేదు. నెల రోజులుగా నేను ఎదురుచూసింది ఆ సీటు కోసమే. తోడు లేకుండా పంపేది లేదని బాపు, పంపకపోతే అక్కడ బండి పోతుందని మా ఆయన, వాకిట్లో చెరో దిక్కు చూస్తూ నిలబడ్డారు.

తోడుగా పోవలసింది మా అవ్వ, బాపు కన్నతల్లి. తాత మందతో అడవిలో ఉంటే ఇల్లంతా ఆమే నడిపేది. గొంగడి భుజాన వేసుకుని వచ్చి, కారు తలుపు తీసి ఎక్కి, మా ఇద్దరి సీట్ల మధ్య సందులో ఇరుక్కుని కూర్చుంది. గేరు కర్ర ఆమె మోకాళ్ల మధ్యకు వచ్చింది. మా ఆయన గేరు మార్చాలంటే ఆమె కాళ్లు పక్కకు జరపాలి, జరిపినప్పుడల్లా మూటతో సహా నేను తలుపులోకి ఒత్తుకుపోవాలి. ఊరు ఊరంతా నవ్వుతుంటే అట్లాగే బయలుదేరాం. దారిలో ఏం మాట్లాడినా గాలికి వినబడదు. ఆయన ఒకటి రెండుసార్లు నా వైపు చూడబోయి, మధ్యలో అవ్వ కొప్పు చూసి ముందుకు తిరిగాడు.

మరికల్‌లో చాయ్ కోసం ఆగాం. పాలమూరు పోయే బస్సు అక్కడే నిలబడి ఉంది. దాన్ని నడిపేది ఆ చాయ్ హోటల్లో మాట్లాడే డ్రైవరే, కారులో ముగ్గురిని చూసి కిటికీలోంచి పళ్లికిలిస్తున్నాడు. అవ్వ నడుము పట్టుకుని దిగి, బస్సును చూసింది, మమ్మల్ని చూసింది.

"గీ బండి ఇద్దరికే జేసిన్రు బిడ్డా. మీరు పోండ్రి, నేను బస్సుల వస్త."

అత్తమ్మ సంగతి గుర్తుచేస్తే, పాలమూరు ఇంకా రాకముందు వాగు మీద ఒక మోరి, చిన్న వంతెన, ఉంటుంది కదా, అక్కడ దిగుతానని, మీరు ముందే చేరతారు కాబట్టి ఆగితే ముగ్గురం కలిసే ఇంటికి పోదామని చెప్పింది. తర్వాత తన గొంగడి తీసి నా ఒళ్లో, మూట మీద కప్పింది. వానకని అనలేదు, చలిగాలి అంది. అప్పటికి ఆకాశం తెల్లగానే ఉంది.

ఆ తర్వాతి దారి గురించి ఎంత చెప్పినా తక్కువే. ఆయన తన ఇంజను పాటంతా నాకు వినిపించాడు, ఏ మోత మంచిది, ఏ మోత జబ్బుది అని. నేను ఆషాఢమంతా దాచుకున్న మాటలన్నీ గాలికంటే గట్టిగా అరిచి చెప్పాను. దేవరకద్ర దాటామో లేదో వాన అందుకుంది. పక్కనున్న చింతచెట్టు కింద బండి ఆపి, ఇద్దరం గొంగడి తలల మీదుగా కప్పుకుని, బియ్యం మూటను మా మధ్య ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాం. నల్ల గొర్ల బొచ్చు గొంగడి, గరుకుగా గుచ్చుకునేది, మంద వాసన కొట్టేది, కానీ చుక్క లోపలికి దిగలేదు. అంత సంతోషంగా నేను ఎప్పుడైనా కూర్చున్నానా అంటే గుర్తు లేదు. కాసేపటికి బస్సు హారను కొట్టుకుంటూ మమ్మల్ని దాటిపోయింది. మేము నవ్వుకుంటూ చెయ్యి ఊపాము. అవ్వ ఆ బస్సులో ఉందని, మాకంటే ముందు మోరి దగ్గర దిగుతుందని అప్పుడు తట్టలేదు.

తట్టాక ఆ వానలోనే బండి తీశాం. మోరి దగ్గరికి చేరేసరికి అవ్వ నిలబడి ఉంది. నీడకు చెట్టు లేదు, గోడ లేదు. బస్టాండు దాకా వచ్చి దిగమని డ్రైవరు ఎంత చెప్పినా వినలేదట. అక్కడ దిగితే తెలిసినవాళ్లు చూస్తారు, తోడు లేకుండా కోడలు వచ్చిందని ఇంటికి చేరుతుంది. చీర ఒంటికి అంటుకుపోయి, కొప్పు జారి, వణుకుతోంది. నాకు ఏడుపొచ్చి గొంగడి ఆమెకు కప్పబోతే చేతితో ఆపింది.

"బియ్యం తడిసినయా?"

తడవలేదన్నాను. మూట మీద చెయ్యి పెట్టి చూసుకుని, మళ్లీ మా మధ్య సందులోకి ఎక్కి, కాళ్ల మధ్య గేరు కర్ర సర్దుకుంది. ఇంటి ముందు అత్తమ్మ హారతి పళ్లెంతో ఎదురొచ్చి, అవ్వ తడిసిన చీర చూసి, బండికి టాపు లేదని కొడుకు మీద లేవబోయింది. అవ్వ తానే గొంగడి వద్దన్నానని, బండి మాత్రం పల్లకీలా వచ్చిందని, తన జన్మలో అంత సుఖంగా ప్రయాణం చేయలేదని చెప్పింది. మూట విప్పితే బియ్యం పొడిపొడిగా ఉన్నాయి. అత్తమ్మ మాకు హారతి ఇచ్చింది, బండి ఇంటి ముందే ఉండిపోయింది.

డ్రైవరుకు అంతా తెలుసు. కానీ మరికల్‌లో అవ్వ ఎక్కిన సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. హోటల్లో మాత్రం ఆ బండికి గొంగడి టాపు కారు అని పేరు పెట్టాడు, అదే నిలిచిపోయింది. ఇంజను మీద ఆయన అభిప్రాయం మారలేదు గానీ, వాన సంగతి మళ్లీ ఎత్తలేదు.

మా పెద్దమ్మాయి నా కడుపున పడ్డాక మా ఆయన ఒకనాడు బండి చుట్టూ తిరిగి, పట్నం నుంచి వచ్చిన ఒకాయనకు ఇచ్చేశాడు. ఆ తర్వాత మా ఇంట్లో రకరకాల బండ్లు వచ్చాయి. అందరూ పట్టేవి, నలుగురినీ మోసేవి. ఆయన పోయి కొన్నేళ్లవుతోంది. గొంగడి నా పెట్టె అడుగున ఉంది, పురుగు పట్టకుండా వేపాకు మారుస్తుంటాను.

ఇదంతా చెప్పాక, వాళ్లూ వీళ్లూ అన్నది వదిలెయ్యి, కొనుక్కో అన్నాను మనవడితో. రెండే సీట్లు కదా, మరి నువ్వెక్కడ కూర్చుంటావు అని అడిగాడు వాడు. వాడి భార్య తలుపు దగ్గర నిలబడి వింటోంది. ఇప్పుడు ఎవరికీ తోడు అక్కర్లేదు, ఇద్దరే ఎక్కడికైనా పోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. మంచిదే. కానీ మాకు ఆ ఇద్దరి ప్రయాణం ఒకరు దారిలో దిగిపోతే దొరికింది, అందుకే ఇన్నేళ్లయినా అది నాలో చెక్కుచెదరకుండా ఉంది. నేను బస్సులో వస్తానులే అన్నాను వాడితో.