వల వేయని చెరువు

2006లో తాడేపల్లిగూడెంలోని ఒక కాలేజీలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ ప్రాజెక్టులకు నేను గైడుగా ఉండేవాణ్ని. విద్యార్థి ఒక అంశం చదివి, లెక్కలు కట్టి, రిపోర్టు రాయాలి. బయటి ఊరి నుంచి వచ్చే ఎగ్జామినర్ దానిమీద వైవా జరిపి మార్కులు వేస్తారు. అక్కడ గైడు మాట్లాడకూడదు. నోరు మూసుకుని కూర్చోవడం నాకు ఎప్పుడూ కష్టమే.

ఆ ఏడు పెదపాడు నుంచి వచ్చే నాగమణి డార్క్ మేటర్ తీసుకుంది. గెలాక్సీలు తిరిగే వేగానికి, కనబడే నక్షత్రాల బరువు చాలదు. కనబడని పదార్థం ఇంకేదో ఉండాలి. మనకు తెలిసిన ప్రతి కణానికీ బరువైన జోడీ ఒకటి ఉంటుందని సూపర్‌సిమెట్రీ సిద్ధాంతం అంటుంది. ఆ జోడీల్లో అన్నిటికన్నా తేలికైన న్యూట్రలినోయే ఆ పదార్థమని అప్పట్లో చాలామందికి ఆశ. నాగమణి లెక్కలన్నీ శుభ్రంగా కట్టి, చివరి పేజీలో మాత్రం "కావచ్చు, ఇంతవరకు దొరకలేదు" అని రాసింది.

ఎగ్జామినరుగారికి అది నచ్చలేదు. ఏదీ తేల్చని ప్రాజెక్టు ప్రాజెక్టే కాదన్నారు. ఆ పదార్థం న్యూట్రలినోయేనని రాసిస్తే అప్పుడే సంతకం పెడతానని, లేకపోతే మళ్లీ చేసుకురమ్మని చెప్పారు. మళ్లీ అంటే ఏడాది పోయినట్టే, పరిశోధనకు వచ్చిన సీటూ పోయినట్టే. నాకు ఒళ్లు మండింది.

నాగమణి నావైపు చూడకుండా ఆయనతోనే అంది.

"మొన్న వానలకి గట్లు మునిగి పక్క చెరువుల చేపలన్నీ మా చెరువులో కలిసిపోయాయండి. మేత సంచులు ఖాళీ అయ్యే తీరు చూసి, లోపల సరుకు ఎంతుందో మా నాన్నగారు చెప్పేశారండి. అందులో బొచ్చె చేప ఎంతో శీలావతి చేప ఎంతో మాత్రం వల వేసేదాకా చెప్పలేదండి. దీనికి ఇంకా వల పడలేదు కదండీ, పేరెలా రాయమంటారు?"

ఆయన కాసేపు రిపోర్టు తిరగేసి సంతకం పెట్టారు. ఆయనదేమీ ఎముక లేని చెయ్యి కాదు. సీటు నిలబడేటన్ని మార్కులు వేశారు, కాలేజీ ఫస్టు మాత్రం ఆ అమ్మాయికి దక్కలేదు. నాకు బాధేసింది. తనకు కావలసింది వచ్చిందని నాగమణే నాకు సర్దిచెప్పింది.

ఆ తర్వాత పెద్ద పెద్ద యంత్రాలు నడిచాయి, భూమి అడుగున పరికరాలు కాపు కాశాయి. న్యూట్రలినో నేటికీ దొరకలేదు. అప్పట్లో ధీమాగా తేల్చి రాసిన రిపోర్టులు చాలా చూశాను. వాటి చివరి పేజీలు ఇప్పుడు చెల్లవు. నాగమణి పేజీలో ఒక్క మాట మార్చనక్కరలేదు. తెలిసింది ఎక్కడ ఆగిందో అక్కడ కలం ఆపడం కూడా ఫిజిక్సే. మా సిలబస్‌లో దానికి మార్కులు లేవు.