షబ్నం మైకు లాగేసుకున్న సాయంత్రం

మాచర్ల బస్టాండు వెనక వీధిలో స్టీలు సామాన్ల కొట్టు నడిపే శేషగిరిరావును ఊళ్ళో ఎవరూ కొట్టు పేరుతో గుర్తుపట్టరు. ఫుట్‌బాల్ మేనేజరు ఇల్లెక్కడ అని అడిగితే మాత్రం ఏ ఆటో అతనైనా తీసుకెళ్ళి గుమ్మం ముందు దింపుతాడు.

వ్యాపారస్తుల ఇంట్లో పుట్టిన మనిషికి ఈ బంతి పిచ్చి రైల్వే గ్రౌండులో అంటుకుంది. అప్పట్లో సాయంత్రాలు రైల్వే ఉద్యోగులు అక్కడ ఆడేవాళ్ళు. తండ్రి కొట్లో కూర్చోబెడితే ఏదో వంక పెట్టి ఈయన అక్కడ తేలేవాడు. ఆడటం మాత్రం రాదు. నాలుగడుగులు పరుగెత్తితే ఆయాసం. కానీ గీత బయట నిలబడి చూస్తూ ఎవరిది ఎడమకాలి వాటమో, ఎవడు కోపం మీద ఆడుతున్నాడో, ఎవడు భయపడి బంతి వదిలేస్తున్నాడో చెప్పేవాడు. ఉద్యోగులు బదిలీల మీద వెళ్ళిపోయాక ఊరి కుర్రాళ్ళను పోగుచేసి టీము కట్టింది ఆయనే. చొక్కాలు కుట్టించడం, వ్యాను మాట్లాడటం, అలిగిన వాడి ఇంటికెళ్ళి బతిమాలి తీసుకురావడం, ఎవరు ఆడాలో ఎవరు కూర్చోవాలో తేల్చడం అన్నీ ఆయన పనే. పొరుగూరిలో మ్యాచ్ ఉంటే భార్య కోటేశ్వరి తెల్లారుజామునే లేచి టీము మొత్తానికి పులిహోర కలిపేది. పిల్లలు లేని ఆ ఇంట్లో ఎప్పుడు చూసినా గుమ్మం నిండా బూట్లు ఉండేవి.

ఆ టీములో ఆడిన వాళ్ళందరిలోకీ గొప్పవాడు తౌఫీక్. సున్నపురాయి లారీ నడిపేవాడు. శేషగిరిరావును "అన్నా" అనేవాడు. దాచేపల్లి దగ్గర జరిగిన రోడ్డు ప్రమాదంలో అతను పోయినప్పుడు అతని కూతురు షబ్నం రెండో తరగతి చదువుతోంది. ఆ తర్వాత కూడా ఆ పిల్ల గ్రౌండుకు రావడం మానలేదు. శేషగిరిరావు పక్కన కుర్చీలో కూర్చుని ఆట చూసేది, ఆయన్ను "పెదనాన్నా" అని పిలిచేది. పెద్దదయ్యాక డిగ్రీ చదివి, ఊళ్ళోనే ఒక యూట్యూబ్ వార్తా చానల్లో రిపోర్టరుగా చేరింది. మంచినీళ్ళు రాకపోయినా, ఆసుపత్రిలో డాక్టరు లేకపోయినా మైకు పట్టుకుని నేరుగా అడిగే పిల్ల అని పేరు తెచ్చుకుంది.

ఈ ఏడాది ఫిబ్రవరిలో నరసరావుపేటలో జరిగిన టోర్నమెంటు సెమీఫైనల్లో మాచర్ల ఆడింది. వ్యానుల్లో, బైకుల మీద అభిమానులు తరలి వెళ్ళారు. విరామానికి మాచర్ల ఒక గోల్ ముందుంది. ఆ గోల్ కొట్టింది కెప్టెన్ భరత్. ఊళ్ళో కరెంటు పనులు చేసుకునే కుర్రాడు. రెండో సగంలో ఆట జోరుగా ఉండగా శేషగిరిరావు ఉన్నట్టుండి లేచి, భరత్‌ను బయటికి రమ్మని చేత్తో సైగ చేశాడు. భరత్ నమ్మలేనట్టు చూశాడు. మళ్ళీ పిలిస్తే తల వంచుకుని బయటికి వచ్చేశాడు. అతను లేని ముందు వరుస చెల్లాచెదురైంది. అవతలివాళ్ళు వెంటవెంటనే రెండు గోల్స్ కొట్టారు. మాచర్ల ఓడిపోయింది.

గెలిచినవాళ్ళ డప్పుల మోతలో షబ్నం లైవ్ పెట్టి, శేషగిరిరావు ముందు మైకు ఉంచింది.

"శేషగిరిరావు గారూ, గోల్ కొట్టిన ఆటగాణ్ణి ఎందుకు తీసేశారు?"

ఆయన నవ్వుతూ ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. డప్పుల హోరులో ఏమీ వినపడలేదు. ఆయన ఇంకా మాట్లాడుతుండగానే షబ్నం మైకు వెనక్కి లాగేసుకుంది. "చాలండి. ఇక చాలు," అంది. లైవ్ ఆగిపోయింది.

ఫోనుల్లో చూసినవాళ్ళకు కనిపించింది అంతే. ఓటమి సంగతి పక్కకు పోయింది. మర్నాడు స్టేషను ముందున్న టీ కొట్టు దగ్గర అభిమానుల నోట ఒకటే మాట.

"పెద్దమనిషి మాట్లాడుతుంటే మొహం మీదనే చాలు అంటదా?" అన్నాడు శ్రీకర్. సెల్‌ఫోన్ల కొట్టు నడుపుతూ, అభిమానుల వాట్సాప్ గ్రూపు చూసుకునేది అతనే. "ఇంట్లో అయితే పెదనాన్నా అంటది. మైకు చేతికొస్తే ఇట్టాగా?"

"అడిగిన మాటలో తప్పేముందిరా?" అన్నాడు రామబ్రహ్మం. ఊరి పక్క పల్లెలో మిరప పండించే రైతు. పొలంలో ఎంత పని ఉన్నా మ్యాచ్ తప్పడు. "భరత్‌ని ఎందుకు తీశాడో నాకూ తెలవాలి. నువ్వు అడగాలనుకోలా?"

"అడగమను బాబాయ్. అడిగి, చెప్పేది వినాలి కదా. వినకుండా లాక్కుని పోతే అది అడగటమెట్టా అవుద్ది? అవమానం చెయ్యటం అంటారు దాన్ని."

"అది మాత్రం నిజమే. చానా తప్పు."

భరత్ గోడకు ఆనుకుని నిలబడి వింటున్నాడు. "నాకు మోకాలు నొప్పిగా ఉందని తీశానన్నాడు," అన్నాడు మెల్లగా.

"నొప్పి ఉందని ముందే చెప్పి ఉండొచ్చు కదరా మాకు!" అన్నాడు శ్రీకర్.

"నాకు నొప్పేం లేదన్నా. ఎప్పుడూ లేదు. ఆయన అట్టా అంటే ఎదురు చెప్పలేక వచ్చేశా."

ఎవరికీ అర్థం కాలేదు. చివరికి మాట మళ్ళీ షబ్నం మీదికే తిరిగింది. ఆ సాయంత్రానికి గ్రూపులో ఆమెను తిట్టని వాడు పాపం చేసినట్టయింది. తౌఫీక్ కూతురై ఉండి ఇంత పని చేస్తుందా అని ఒకరు. వ్యూస్ కోసం సొంత పెదనాన్ననైనా బజారున పెడుతుందని ఇంకొకరు. షబ్నం ఒక్కదానికీ జవాబివ్వలేదు. ఆ మౌనం చూసి శ్రీకర్‌కు ఇంకా మండింది. చానల్ యజమానికి ఫిర్యాదు చేసి, ఆమెతో అదే లైవ్‌లో క్షమాపణ చెప్పించాలని తీర్మానించాడు. అంతకుముందు మేనేజరు గారి నోటితో ఒక మాట చెప్పించుకోవాలని రామబ్రహ్మాన్నీ భరత్‌నూ వెంటబెట్టుకుని ఆదివారం పొద్దున ఆయన ఇంటికి వెళ్ళాడు.

శేషగిరిరావు హాల్లో కూర్చుని వక్కపలుకులు నముల్తున్నాడు. తెల్లటి చొక్కా, దువ్విన తల, ఎప్పటి మనిషే. "రా బ్రహ్మం, మిరప కోత అయిందా? రంగు పోయిన తాలుకాయ ఎక్కువేనా ఈసారి?" అని పలకరించాడు. భరత్‌ను దగ్గర కూర్చోబెట్టుకుని వీపు తట్టాడు. కోటేశ్వరి మంచినీళ్ళు తెచ్చి అక్కడే నిలబడింది.

శ్రీకర్ సంగతంతా చెప్పాడు. షబ్నం మైకు లాక్కోవడం, ఊరంతా బాధపడటం, ఫిర్యాదు విషయం. శేషగిరిరావు శ్రద్ధగా విన్నాడు. విని, తేలిగ్గా నవ్వేశాడు.

"చిన్నపిల్లరా. దాని మీద ఫిర్యాదులేంది? నేను వాళ్ళ నాన్నతో మాట్లాడతాగా. రేపు ప్రాక్టీసుకు వస్తాడు గదా తౌఫీకు, అప్పుడు చెబుతా. వాడే మందలిస్తాడు."

శ్రీకర్ గ్లాసు కింద పెట్టేశాడు. రామబ్రహ్మం కోటేశ్వరి వైపు చూశాడు. ఆ తౌఫీక్ జనాజా మోసుకెళ్ళినప్పుడు ఓ భుజం రామబ్రహ్మానిది, ఇంకో భుజం ఈ శేషగిరిరావుది.

"మోకాలు ఇంకా లాగుతుందంటున్నాడు," శేషగిరిరావు చెప్పుకుపోతున్నాడు. "అందుకే మొన్న మధ్యలో తీసేశా. ఆట ఒకటి పోతే పోయింది. కాలు పోతే ఎట్టా?" అంటూ భరత్ మోకాలి మీద చెయ్యి వేసి ఆప్యాయంగా నిమిరాడు.

భరత్ ఆ చేతివైపే చూస్తూ కూర్చున్నాడు.

కోటేశ్వరి కళ్ళతో సైగ చేసి వాళ్ళను పెరట్లోకి పిలిచింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడింది.

"శ్రావణం నుంచీ ఇట్టాగే ఉంది అన్నయ్యా. ముందు తాళాలు యాడ పెట్టాడో మర్చిపోయేవాడు. వయసు కదా అనుకున్నా. తర్వాత కొట్టుకెళ్ళే దారి తప్పాడు. ఎవరికన్నా చెబితే నవ్వుతారని, టీము చేతుల్లోంచి పోతే మనిషి ఇంకా దిగులు పడతాడని నేనే దాచా. ఒకసారి తౌఫీకు ఫోను చెయ్యట్లేదేంటని అడిగితే, వాడు పోయాడు కదండీ అన్నా. ఆ వార్త అప్పుడే విన్నట్టు గుండెలు బాదుకుని ఏడ్చాడు. మళ్ళీ ఆ మాట చెప్పటానికి నాకు నోరు రాలేదు."

"మరి ఆ రోజు షబ్నంతో..." అన్నాడు శ్రీకర్.

"భరత్‌ని చూసి తౌఫీకే అనుకున్నాడు. ఆ పిల్లతోనే అన్నాడంట. మీ నాన్నకి మోకాలు బాలేదమ్మా, అందుకే తీసేశా, ఇంటికెళ్ళి కాపడం పెట్టు అని. డప్పులు మోగబట్టి ఎవరికీ వినపళ్ళేదు. ఇంకో మాట మాట్లాడనిస్తే లైవులో అందరికీ తెలిసిపోద్దని మైకు లాక్కుందంట. ఆ సాయంత్రమే ఇంటికొచ్చి నా ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. గుంటూరు డాక్టరు దగ్గరికి అపాయింట్‌మెంటు పెట్టింది కూడా అదే."

ముగ్గురూ చెప్పులు వేసుకుని వీధిలోకి వచ్చారు. శ్రీకర్ ఫోను తీసి గ్రూపులో తను రాసినవన్నీ ఒక్కొక్కటీ చెరిపేశాడు. అప్పటికే అందరూ చదివేశారు.

మధ్యాహ్నం అతను షబ్నం ఇంటికి వెళ్ళాడు. ఆమె గుమ్మంలోనే నిలబడి మాట్లాడింది.

"ఒక్క మాట చెబితే మేమెవరం నోరెత్తేవాళ్ళం కాదు కదమ్మా," అన్నాడు శ్రీకర్.

"ఏం చెప్పేదన్నా? అది వార్తే. కాదనను. కానీ ఆయనకే ఇంకా తెలియని సంగతి ఆయనకంటే ముందు మీకెట్టా చెప్పను?" అంది షబ్నం. "నా చేతిలో మైకుంది, మా నాన్న బతికే ఉన్నట్టు చెబుతున్నాడు. ఒక్క క్షణం నేనూ నమ్మాను. ఆ తర్వాతే భయమేసింది."

గుంటూరు డాక్టరు పరీక్షలు చేయించి జబ్బు పేరు చెప్పాడు. అల్జీమర్స్. నయం కాదు, నెమ్మదిగా పెరుగుతుంది. శేషగిరిరావు బాగా ఉన్న పూటే డాక్టరు ఆయనకు వివరంగా చెప్పాడు. ఆయన విని, "అయితే టీము భరత్‌కి అప్పజెప్పాలి," అన్నాడు. ఇంకేమీ అడగలేదు.

ఆ వారమే షబ్నం చానల్లో ఆయన గురించి పెద్ద వార్త వచ్చింది. రైల్వే గ్రౌండు రోజుల నుంచీ చెప్పి, మేనేజరుగా తప్పుకుంటున్నాడని చెప్పి, జబ్బు పేరు కూడా చెప్పేసింది. చివర కోటేశ్వరి ఫోను నంబరు వేసింది.

టీ కొట్టు మళ్ళీ భగ్గుమంది. ఈసారి కోపం రామబ్రహ్మానిది.

"మొన్న దాచింది, సరే, మెచ్చుకున్నాం. ఇప్పుడు జబ్బు పేరెందుకు? వయసు మీదపడి తప్పుకున్నాడంటే సరిపోదా? రేపు పిల్లలు వెనకపడి ఏడిపిస్తారు ఆయన్ని!"

"కోటేశ్వరి పిన్నే రాయమందంట బాబాయ్," అన్నాడు శ్రీకర్.

"ఆమె బాధలో అంటది. రాసేవాళ్ళకుండాలి బుద్ధి."

ఈసారి శ్రీకర్ వాదించలేదు. ఒప్పుకోనూ లేదు. సగంమంది రామబ్రహ్మం వైపు, సగంమంది షబ్నం వైపు ఉండిపోయారు.

మార్చి చివర్లో ఒక పొద్దున కోటేశ్వరి స్నానం చేసి వచ్చేసరికి ఆయన ఇంట్లో లేడు. కొట్టు దగ్గర లేడు, గ్రౌండులో లేడు. భరత్, శ్రీకర్ బైకుల మీద వీధులన్నీ గాలించారు. రామబ్రహ్మం పొలం నుంచి పరుగున వచ్చి కాలవ కట్ట వెంట వెతికాడు. మధ్యాహ్నం అవుతుండగా కోటేశ్వరి ఫోను మోగింది. సాగర్ వెళ్ళే బస్సు కండక్టరు.

"అమ్మా, మేనేజరు గారు మా బస్సులో ఉన్నారు. వార్తలో చూశా, అందుకే గుర్తుపట్టా. సాగర్‌లో మ్యాచ్ ఉందంట, పిల్లలు ముందెళ్ళారంటున్నాడు. దించలేదు, నా పక్కనే కూర్చోబెట్టుకున్నా. తిరుగు ట్రిప్పులో తీసుకొస్తున్నా. భయపడమాకండి."

కబురు విని బస్టాండుకు చేరిన రామబ్రహ్మం అక్కడి సిమెంటు బెంచీ మీద కూర్చున్నాడు. ఆ మనిషి సాగర్‌లో దిగి, ఆ నీళ్ళ ఒడ్డున ఒంటరిగా తిరుగుతూ ఉండి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఆయనకు చెమటలు పట్టాయి. పక్కన వచ్చి నిలబడిన షబ్నం వైపు చూడలేకపోయాడు. కాసేపటికి, "తిన్నావా అమ్మా?" అని మాత్రం అడిగాడు. ఆమె తల ఊపింది.

బస్సు వచ్చింది. కండక్టరు చెయ్యి పట్టుకుని దింపాడు. శేషగిరిరావు భుజాన బూట్ల సంచి ఉంది. మొహం నిండా చిరాకు.

"మ్యాచ్ రద్దయిందంటరా! ముందే చెప్పొద్దా?" అన్నాడు భరత్‌తో.

"పొరపాటయింది బాబాయ్. ఈసారి ముందే చెబుతా."

ఆయన చుట్టూ నిలబడ్డ వాళ్ళను ఒక్కొక్కరినీ చూశాడు. షబ్నం చేతిలోని మైకు కనిపించి ఆగాడు. ఉదయం ఏదో వార్త పని మధ్యలో పరుగెత్తుకొచ్చిందేమో, అది ఇంకా చేతిలోనే ఉంది. ఆయన మర్యాదగా చొక్కా సర్దుకున్నాడు.

"ఏ పేపరమ్మా మీది?"

కోటేశ్వరి కొంగు బిగించి పట్టుకుంది. షబ్నం మైకు కిందికి దించింది.

"ఇక్కడిదేనండి, మాచర్ల," అంది. "మీ టీము గురించే రాస్తుంటాను."

"మంచిగా రాయమ్మా. పిల్లలు చానా కష్టపడుతున్నారు."

"రాస్తానండి."

ఆమె ఆయన భుజం మీది సంచి తీసి తన భుజాన వేసుకుంది. ఆయన అడ్డు చెప్పలేదు. ఎండ బాగా ఉందని, పిల్లలకు మజ్జిగ తెప్పించాలని కోటేశ్వరితో అంటూ ఇంటి వైపు నడిచాడు. మిగిలినవాళ్ళు ఆయన వెనకే నడిచారు.