నాలుక పట్టిన పైపు

నా చిన్నప్పుడు నాకు నోరు తప్ప ఇంకే అవయవమూ సరిగ్గా పనిచేసేది కాదు. ఆరో తరగతి రెండోసారి చదువుతుండగా సారు మా అమ్మను పిలిపించి, వీడు ఇంకో ఏడాది ఇక్కడే కూర్చుంటే వీడితోపాటు తానూ ఫెయిలవుతానని చెప్పాడు. నేను బడి మానేశానని చుట్టాలు చెప్పుకుంటారు గానీ, నిజానికి బడే నన్ను మానేసింది.

నాన్న లేడు. అమ్మ మలక్‌పేటలో ఒక దవాఖానలో ఆయా. నన్నేం చేయాలో తోచక, దిల్‌సుఖ్‌నగర్‌లో మోటారు షెడ్డు నడిపే తన అన్న దగ్గరికి తీసుకెళ్లింది. వారం రోజులు చూస్తానన్నాడు మా మామ. పనికొస్తే ఉంచుకుంటాడు. లేదంటే శనివారం సాయంత్రం ఎల్బీనగర్‌లో బస్సెక్కించి, ఊళ్లో పెద్దనాన్న బర్రెల దగ్గరికి నన్ను పంపేయాలి. బర్రెల మీద నాకు కోపమేమీ లేదు. అమ్మ పక్కన లేకపోతే నిద్ర పట్టేది కాదు, అంతే. ఆ సంగతి చెబితే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

మా మామ ఎవరినీ కొట్టేవాడు కాదు. నవ్వించేవాడు. ఆయన ఎవరిని పట్టుకున్నాడో వాళ్లు తప్ప షెడ్డంతా నవ్వేది. కొడితే బాగుండునని వాళ్లు అనుకునేవారేమో.

ఆ వారం ఒక పాత విదేశీ కారు వచ్చింది. ఇంజనుకు పెట్రోలును గాలిలో కలిపి అందించే కార్బరేటరు మామూలు కారుకు ఒకటుంటే, దానికి మూడు. అంటే ఒకే వంటింట్లో ముగ్గురు తోడికోడళ్లన్నమాట. ముగ్గురూ ఒకే తీరుగా ఊపిరి పీల్చాలి. ఒకరు బిగబట్టినా ఇల్లంతా వణుకుతుంది. ఇంజను గాలిని లోపలికి గుంజుకునే ఆ లాగుడు మూడింటికీ సమానంగా ఉండాలని వాటిని సన్నటి రబ్బరు పైపులతో కలుపుతారు. వాక్యూమ్ పైపులనేవాళ్లు. పాతవి ఎండి బీటలిచ్చాయి. కొత్తవి కోసి బిగించే పని మామ నాకిచ్చాడు.

శనివారం పొద్దున చివరి క్లిప్పు బిగించి, మా మామ కూడా ఇంత మంచిగ బిగియ్యడని షెడ్డంతా వినబడేలా అన్నాను. మామ విన్నాడు, అయినా షెడ్డును నవ్వించలేదు. నేను భయపడాల్సింది అప్పుడే. కానీ హాయిగా చాయ్ తాగడానికి వెళ్లాను.

సాయంత్రం అమ్మ డ్యూటీ దిగి వచ్చింది. ఒక చేతిలో టిఫిను డబ్బా, ఇంకో చేతిలో నా బట్టల సంచి. మామ షెడ్డు మేస్త్రీని సీట్లో కూర్చోబెట్టి ఇంజను స్టార్టు చేయించాడు. కారు ముందు దగ్గింది, తర్వాత అద్దాలు గలగలలాడేలా వణకసాగింది.

"చెల్లె, నీ కొడుకు బండికి చలిజరం తెచ్చిండు. మీ దవాఖానకు తోల్కపో" అన్నాడు మామ. అందరూ నవ్వారు.

ప్రతి క్లిప్పూ తడిమి చూశాను. అన్నీ గట్టిగానే ఉన్నాయి. తప్పు బండిదేనన్నాను.

"ఒక పైపు గుంజుతలేదు. అది ఏదో చెప్పు, ఉంటవ్. లేకుంటె సంచి పట్టుకో."

"ఎట్ల తెలుస్తది మామా?"

"నీకు నడిచేది ఒక్కటే కదరా. ఆ నాలుకనే పెట్టు."

మొదటి పైపు కొస ఊడదీసి నాలుక ఆనించాను. మెత్తగా లాగింది. ఇంతేనా అనుకునేలోపు, సీట్లో కూర్చున్న మేస్త్రీకి మామ సైగ చేశాడు. అతను పెడల్ బాగా తొక్కి ఒక్కసారిగా వదిలేశాడు. అలా వదిలినప్పుడే లాగుడు ఎక్కువని నాకు అప్పటికి తెలియదు. నాలుక కొస పైపులోకి పోయింది. అరుద్దామంటే అరిచేదే అందులో ఉంది. కళ్లలోంచి నీళ్లు కారుతూ కప్పలా బెకబెకమంటుంటే అందరూ పొట్టలు పట్టుకున్నారు. అమ్మ వైపు చూశాను. అమ్మ కూడా నవ్వుతోంది.

ఇంజను ఆపాక నాలుక బయటికొచ్చింది, కొస నేరేడుపండులా నల్లబడి. ఇంక మిగిలినవి చూడమని మళ్లీ ఇంజను వేయించాడు మామ. సంచి వైపు చూసి, రెండో పైపుకు నాలుక పెట్టాను. అదీ పట్టుకుంది. మూడోదానికి మాత్రం ఏమీ లేదు, చల్లటి రబ్బరు. మాట రాక వేలితో చూపించాను.

మామ ఆ పైపు లాగి బ్లేడుతో చీల్చాడు. సైకిల్ బేరింగు గోళీ ఒకటి టక్కున నేల మీద పడింది. నేను చాయ్‌కి వెళ్లినప్పుడు పెట్టాడట.

"బిగిచ్చినవ్. గుంజుతున్నదా లేదా అని చూసినవా?" అన్నాడు నాతో. తర్వాత అమ్మ వైపు తిరిగి, "నోరు బందైతెనే వీనికి పని దొరికింది. సంచి ఇంటికి తీస్కపో" అన్నాడు.

నాలుక మానేదాకా గంజే తాగాను. షెడ్డుకొచ్చేవాళ్లు కొత్త పిల్లాడు మూగవాడా అని జాలిపడ్డారు. నాలుక అక్కర్లేదు, వేలు పెట్టినా తెలిసేదని తర్వాత మేస్త్రీ నవ్వుతూ చెప్పాడు.

ఇప్పుడు ఎల్బీనగర్‌లో నాకూ ఒక షెడ్డుంది. అలాంటి కార్లు ఏడాదికొకటి వస్తే గొప్ప. పైపు ఎవరు బిగించినా, కొస ఊడదీసి బొటనవేలు పెట్టి, చర్మాన్ని లోపలికి గుంజేదాకా తీయను. ఆ అలవాటు మామ ఇచ్చిందే. మామను ఇప్పటికీ క్షమించలేదు. వేలు పెట్టిన ప్రతిసారీ రెండూ గుర్తొస్తాయి.

నాకు పిల్లలు పుట్టాక ఒకరోజు అమ్మను ఏడిపిద్దామని, నీ కొడుకు నాలుక పైపులో ఇరుక్కుంటే పళ్లన్నీ బయటపెట్టి నవ్వావు, నువ్వేం తల్లివమ్మా అన్నాను. అమ్మ చాటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు.

"మీ మామకు ఏడ్చేటోళ్లంటె పడదు. నవ్వకుంటె ఏం జెయ్యాలెరా, నీ సంచి నా చేతుల్నే ఉండె."