సుశీల్ భయ్యా బ్యాండు వదిలిన కారణం

పదకొండేళ్లుగా ఒక మాట నా లోపలే ఉండిపోయింది. మోస్తున్నాను అనడానికి మొహమాటంగా ఉంది. ఎందుకంటే ఈ పదకొండేళ్లూ నేను బాగానే తిన్నాను, బాగానే నిద్రపోయాను, నలుగురిలో నవ్వాను. బరువు మోసేవాళ్లు ఇలా ఉంటారా? తెలియదు. కానీ ఎవరైనా “మీ మొదటి డ్రమ్మరు ఎందుకు మానేశాడు?” అని అడిగినప్పుడల్లా అలవాటైన జవాబు చెప్పేసి గబగబా మాట మారుస్తాను. నా పేరు ఇక్కడ రాయను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

పోయిన వారం పోర్ట్ బ్లెయిర్‌లో ఒక అమ్మాయి ఫోన్ చేసింది. అండమాన్ ద్వీపాల్లో పుట్టిన బ్యాండులన్నిటి గురించీ ఒక వెబ్ పేజీ తయారు చేస్తోందట. మా బ్యాండులో ఎవరెవరు ఉన్నారో నింపమని ఒక పట్టిక పంపింది. పేరు, ఏం వాయించారు, ఎప్పటినుంచి ఎప్పటిదాకా, వెళ్లిపోయిన కారణం. మానేసినవాళ్లవి పద్నాలుగు పేర్లు రాశాను. పదమూడు కారణాలు పది నిమిషాల్లో అయిపోయాయి. సుశీల్ పేరు ఎదురుగా “సొంత పనుల వల్ల” అని రాశాను. ఇదివరకు కూడా అందరికీ అదే చెప్పాను. ఈసారి మాత్రం దాన్ని చూస్తూ కూర్చుండిపోయాను.

మా బ్యాండు పేరు అమాస పోటు. అమావాస్య నాడు సముద్రం ఎక్కువగా ఎగదన్నుతుంది, మా ఇళ్లల్లో దాన్ని అలాగే అంటారు. మావి ఉత్తరాంధ్ర నుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడ వేట చేసుకునే కుటుంబాలు. మేం వాయించేది గోథిక్ రాక్. చీకటి గురించీ చావు గురించీ పోయినవాళ్ల గురించీ నెమ్మదిగా, బరువుగా పాడే సంగీతం. నల్లబట్టలు, కళ్లకి కాటుక. మా ఎండకీ చెమటకీ రెండో పాట అయ్యేసరికి కాటుక చెంపల మీదికి కారిపోయేది. మెయిన్‌ల్యాండ్ నుంచి తెప్పించుకున్న నా నల్లకోటుకి మొదటి వానాకాలంలోనే బూజు పట్టింది. మేముండే బతు బస్తీలో మమ్మల్ని దెయ్యాల బ్యాండు అనేవారు. మాకు అది నచ్చేది కూడా.

మొదట పాడింది నేనే. ఈ సంగతి ముందే చెప్పాలి, తరువాత చెబితే దాచినట్టవుతుంది. గిటార్ జోసెఫ్, డ్రమ్స్ సుశీల్, గొంతు నాది. ఏడాది తరువాత రత్నం వచ్చింది. మా బస్తీ అమ్మాయే, వాళ్ల నాన్నా మా నాన్నా ఒకే బోటులో వేటకి వెళ్లేవారు. ఆమె ఒక్క పాట పాడాక జోసెఫ్ నా వైపు చూసి, నువ్వు బేస్ గిటార్ నేర్చుకోకూడదా అన్నాడు. నేర్చుకున్నాను. ఆమె గొంతు ముందు నాది ఎందుకూ పనికిరాదని నాకూ తెలుసు. తెలిస్తే బాధ ఉండదా? ఉంటుంది. ఆ బాధ ఎంతో అప్పుడు కొలుచుకోలేదు, ఇప్పుడు కొలవాలంటే చేతికి చిక్కడం లేదు.

మా బ్యాండులో అన్నిటికంటే గొప్ప పాట రత్నందే. ఆమె తాతని సముద్రం తీసుకుపోయినప్పుడు నాన్నమ్మ పెట్టిన శోకం అది. మావాళ్లల్లో మనిషి పోతే ఆడవాళ్లు ఆ మనిషిని పిలుస్తూ, అతని గుణాలు చెబుతూ రాగం తీసి ఏడుస్తారు. “వల ఇక్కడే ఉంది, వలేసినోడు ఏడీ” అని మొదలవుతుంది. రత్నం తెలుగు మాట్లాడుతుంది కానీ రాయడం రాదు, హిందీ అక్షరాల్లో రాసుకుంది. దాని కింద నా బేస్ ఒకే స్వరం మీద మోగుతూ ఉంటే, సుశీల్ డ్రమ్ము మీద ఒక్కో దెబ్బా ఆలస్యంగా వేసేవాడు. విన్నవాళ్లకి ఒళ్లు జలదరించేది.

కానీ మా ఇళ్లల్లో ఒక కట్టడి ఉంది. మగవాళ్లు వేటమీద ఉండగా ఆ ఇంటివాళ్లు ఎక్కడా శోకం పాడకూడదు, నోటితో కూనిరాగం కూడా తీయకూడదు. పాడితే చావుని పిలిచినట్టే అంటారు. రత్నం వాళ్లమ్మకి కూతురు ఏదో ఇంగ్లీషు పద్ధతి పాటలు పాడుతుందని తెలుసు, ఇది పాడుతుందని తెలియదు. నాకు తెలుసు, రత్నానికి తెలుసు. జోసెఫ్‌కీ సుశీల్‌కీ తెలియదు. సుశీల్‌ది ఉత్తరాన మరో ద్వీపంలోని రంగత్, రాంచీ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. అతనికి అది మంచి ట్యూను, అంతే.

ఆ శనివారం సాయంత్రం పెద్ద ప్రోగ్రాం. మైదానంలో స్టేజి, మెయిన్‌ల్యాండ్ నుంచి వచ్చిన వాళ్లు కూడా చూడబోతున్నారు. పోస్టరులో రత్నం ముఖం పెద్దదిగా వేశారు. మేం ముగ్గురం కింద, వేలెడంత. గురువారం రావలసిన మా నాన్నల బోటు శుక్రవారం పొద్దుటికి కూడా రాలేదు. గాలి ఎక్కువగా ఉంది. అమ్మ ఇంట్లో ఏమీ మాట్లాడకుండా బియ్యం ఏరుతోంది.

శుక్రవారం మధ్యాహ్నం నేను రత్నం వాళ్లింటికి వెళ్లాను. రత్నం అప్పుడు ఇంట్లో ఉండదని నాకు తెలుసు. వాళ్లమ్మకి చెప్పేశాను. రేపు స్టేజి మీద నీ కూతురు పాడబోయేది మీ అత్త పెట్టిన శోకమే, అని. ఆవిడ ఒక చేత్తో గుమ్మం పట్టుకుంది. “నువ్వు సెప్పినావని ఎవులికీ సెప్పన్లే బాబూ,” అంది. నేను అడగకుండానే ఆ మాట ఇచ్చింది. ఇచ్చినందుకు నాకు హాయిగా అనిపించింది. ఆ హాయి గుర్తుకొచ్చినప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఎందుకు చెప్పాను? భయంతోనా? బోటులో మా నాన్న కూడా ఉన్నాడు. ఆ భయం అబద్ధం కాదు, ఆ రెండు రోజులూ ముద్ద దిగలేదు. కానీ అంతకు ముందు మూడు నెలలు అదే పాటని ప్రాక్టీసు చేశాం, అప్పుడూ మా నాన్నలు వేటమీదే ఉన్నారు, నేను తలవంచుకుని హాయిగా బేస్ వాయించాను. అప్పుడు లేని భయం పోస్టరు అతికించాక ఎలా వచ్చింది? పోనీ, అసూయే అనుకుందాం. అసూయే అయితే ఆ మధ్యాహ్నం దారి పొడుగునా సముద్రం వైపే చూస్తూ ఎందుకు నడిచాను? రెండూ నిజమే అయి ఉండొచ్చు. ఏది ముందు, ఏది వెనుక అన్నది ఎంత వెతికినా తెలియడం లేదు.

ఒక్కటి మాత్రం తెలుసు. శనివారం పన్నెండు గంటలకి బోటు వచ్చేసింది. ఇంజన్ ఆగిపోతే బాగుచేసుకుని నెమ్మదిగా వచ్చారట. జెట్టీ మీద మా నాన్న చెయ్యి పట్టుకుని దింపింది నేనే. పక్కనే రత్నం వాళ్ల నాన్న బీడీ కోసం జేబులు తడుముకుంటున్నాడు. ప్రోగ్రాం అయిదింటికి. అంటే అయిదు గంటల సమయం ఉంది. మగవాళ్లు ఒడ్డు చేరాక ఆ కట్టడి లేదు. నేను వెళ్లి, అత్తా, ఇంక భయం లేదు, రత్నాన్ని పాడనీ అంటే ఆవిడ వినేదో లేదో. వినేదేమో. నేను వెళ్లలేదు. ఇంటికెళ్లి స్నానం చేసి, నల్లచొక్కా ఇస్త్రీ చేసుకుని, కాటుక పెట్టుకుని స్టేజి ఎక్కి, వాళ్లమ్మ ఇల్లు కదలనివ్వని రత్నం చోట పాడాను. చప్పట్లు కొట్టారు. నేను సంతోషించాను.

మరుసటి ఆదివారం ప్రాక్టీసుకి రత్నం వచ్చింది. స్కూటర్ల మెకానిక్ షెడ్డు వెనుక రేకుల గది మాది. ఆమె కూర్చోలేదు.

“మాయమ్మకి ఎవులు సెప్పినారు?” అంది.

జోసెఫ్ గిటార్ పక్కన పెట్టాడు.

“ఉత్త పాటని సెప్తే అమ్మ ఊరుకునేది. శోకమని సెప్పినారు. మా అయ్య పేరు మీద ఒట్టేయించుకుంది, ఇంకెప్పుడూ అది పాడనని. ఎవులు?”

“కౌన్ బోలేగా దీదీ, ఎవరు సెప్తారు?” అన్నాడు సుశీల్. “శోకం అంటే క్యా హై, నాకదే తెల్దు.”

అప్పుడు నేను నోరు తెరిచాను. “వీడియో నీ ఫోన్లోనే ఉంది గదా భయ్యా. పొద్దున్నే సేపల కాడ అందరికీ సూపిస్తన్నావు గదా.”

రత్నం అతని వైపు తిరిగింది. అతను ప్రాక్టీసుని ఫోన్లో తీసి, చేపలు కొనడానికి వెళ్లినప్పుడు నలుగురికీ చూపించి మురిసిపోయే మాట నిజమే. రత్నం వాళ్లమ్మ చేపలు అమ్ముతూ కూర్చునేది కూడా అక్కడే.

“దిఖాయా... సూపించాను. లేకిన్ ఆంటీకి సూపించలే,” అన్నాడు. తరువాత నన్ను చూశాడు. “తూ తో జాన్తా హై నా? నీకు తెల్సు గదా, నేనట్టా సెయ్యనని.”

నేను కిందికి వంగి, శ్రుతిలోనే ఉన్న తీగని మళ్లీ శ్రుతి చేయడం మొదలుపెట్టాను.

జరిగింది ఇంతే. నేను అబద్ధం చెప్పలేదు. ఒక నిజాన్ని తీసుకెళ్లి అబద్ధం ఉండవలసిన చోట పెట్టాను. చాలా కాలం ఈ తేడా చూసుకుని బతికాను. సుశీల్ కర్రలు రెండూ స్టూలు మీద పెట్టి బయటికి వెళ్లాడు. మేం వెళ్లమనలేదు, ఉండమనీ అనలేదు. రత్నం ఇంకో రెండు నెలలు వచ్చింది. పాట గొంతులోంచి మునుపటిలా రాలేదు. ఒకరోజు రావడం మానేసింది.

ఆ తరువాత పట్టికంతా రాకపోకలే. జోసెఫ్ చెన్నై ఓడ ఎక్కాడు. ఒక బ్యాంకు ఉద్యోగి ఏడాది పాడి ట్రాన్స్‌ఫర్ అయిపోయాడు. ఒకమ్మాయి కాలేజీకని వెళ్లింది. ఇద్దరు డ్రమ్మర్లకి ఒకరంటే ఒకరికి పడలేదు. మొదటినుంచీ మిగిలింది నేనొక్కణ్ణే, అందుకని ఇప్పటి బ్యాండు పిల్లలు నన్ను ఫౌండర్ సార్ అంటారు. ఇప్పుడు రిసార్టుల్లో వాయిస్తున్నాం, పాత సినిమా పాటలు కూడా. కాటుక పెట్టుకోవడం మానేశాం. ఆ పాటని మళ్లీ ఎవరితోనూ పాడించలేదు. మర్యాద కోసమని అందరికీ చెప్పాను. మర్యాద కోసమేనా? నాకు ఆ దెబ్బలు ఆలస్యంగా వేసే మనిషి కావాలి, అతను లేడు.

మూడేళ్ల క్రితం రంగత్‌లో పోర్ట్ బ్లెయిర్ బస్సెక్కితే డ్రైవరు సుశీల్. నన్ను చూడగానే నవ్వి, ముందు సీటులో కూర్చున్నవాళ్లని జరిపించి చోటిచ్చాడు. బ్యాండు ఎలా ఉందని అడిగాడు. రత్నం దీదీ బాగుందా అన్నాడు. ఆమె ఆస్టినాబాద్‌లో ఉంటోందనీ ఏదో ఆఫీసులో పనిచేస్తోందనీ చెప్పాను. దారంతా అతని వేలు స్టీరింగు మీద తాళం వేస్తూనే ఉంది. నాలుగైదు గంటల ప్రయాణం. చెప్పడానికి కావలసినంత సమయం. దిగాక టిఫిన్ కూడా తనే తినిపించాడు. అతను మరిచిపోయాడా, క్షమించాడా, లేక అసలు నన్ను ఎప్పుడూ అనుమానించనే లేదా? శోకమన్న మాట, అది పాడకూడదన్న కట్టడి అతనికి తెలిసే వీలే లేదని రత్నానికి ఒక్క క్షణం ఆలోచిస్తే తట్టదా? తట్టే ఉంటుంది. తట్టి, మరి నన్నెందుకు ఏమీ అనలేదు?

ఇదంతా రాశాక ఒక సంగతి గమనించాను. నేను తెలుగు మీడియంలో చదువుకున్నవాణ్ణి, అందుకే తెలుగులో రాస్తున్నాను అనుకున్నాను. కానీ సుశీల్‌కి తెలుగు చదవడం రాదు. రత్నానికీ రాదు. ఈ ద్వీపాల్లో నేను ఎవరి ముందు ఒప్పుకోవాలో వాళ్లిద్దరూ చదవలేని అక్షరాలు ఏరుకుని మరీ ఒప్పుకుంటున్నాను. కావాలని చేశానా? ఏమో, తెలియదు. తెలియదన్న మాట కూడా ఎన్నోసారి వాడుతున్నానో చూడండి.

ఆ అమ్మాయి పంపిన పట్టిక ఇంగ్లీషులో ఉంది. అది వాళ్లిద్దరూ చదవగలరు. పొద్దున దాన్ని మళ్లీ తెరిచాను. సుశీల్ పేరు ఎదురుగా ఉన్న “సొంత పనుల వల్ల” తీసేసి, ఆ గడిలో నా పేరు రాశాను. మీకు చెప్పని పేరు అక్కడ పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాశాను. రత్నం ఎదురుగా కూడా అదే రాశాను. పంపించాను.

అరగంటకి ఆ అమ్మాయి మెసేజ్ పెట్టింది. “సార్, కారణం దగ్గర రెండుసార్లు మీ పేరు పడింది. పొరపాటా?”

పొరపాటు కాదమ్మా, అలాగే ఉంచు, అని జవాబిచ్చాను.