ఎదురెదురు తలుపుల దండలు

లీదియాది మూసాపేట. హైటెక్ సిటీలో మా టవర్ పదకొండో అంతస్తులో, ఎదురెదురుగా ఉన్న రెండు ఫ్లాట్లలో వంట చేస్తుంది. ఎనిమిదేళ్లుగా క్రిస్మస్ పొద్దుటి ఆరాధనకు వెళ్లలేకపోయింది. ఆ రోజు సాఫ్ట్‌వేర్ వాళ్లకు సెలవు. సెలవంటే చుట్టాలు, చుట్టాలంటే బిర్యానీ, బిర్యానీ అంటే లీదియా. ఈసారి మాత్రం వెళ్లి తీరాలనుకుంది. చర్చిలో మొదటి పాట పాస్టర్‌గారు ఆమెకే ఇచ్చారు. మూల ఫ్లాట్‌లో ఉండే నాకు లిఫ్టు దగ్గర ఈ సంగతి మూడుసార్లు చెప్పింది.

ఈలోగా మా టవర్ నివాసుల సంఘం కార్యదర్శి లింగమూర్తిగారు పోటీ పెట్టారు. తలుపుకు గుండ్రటి క్రిస్మస్ దండ కట్టాలి. ఇంటివాళ్లే సొంతంగా చేయాలి, కొన్నవి చెల్లవు.

లీదియా వంట చేసే మొదటి ఫ్లాట్ ప్రశాంతి మేడమ్ వంటింటి తలుపు దగ్గరకు వేసి, "లీదియా, దండ నువ్వే చేసిపెట్టు. ఎదురింటికి తెలియనివ్వకు. నాకు ప్రైజొస్తే ట్వంటీ ఫిఫ్త్ నీకు లీవ్" అంది. అరగంటకు ఎదురింటి నీహారిక మేడమ్ కూడా అదే మాట, అంతే గుసగుసగా చెప్పింది. క్రైస్తవురాలికి క్రిస్మస్ సెలవు దొరకాలంటే ముందు హిందూ యజమానురాలికి క్రిస్మస్ బహుమతి రావాలి. మా టవర్ న్యాయం ఇలా ఏడ్చింది.

లీదియా భర్త సైమన్ బాలానగర్‌లో తాను పనిచేసే షెడ్డు నుంచి ఇనుప తీగ తెచ్చి రెండు గుండ్రాలు వంచి ఇచ్చాడు. చర్చి ఆవరణలోని సరుగుడు కొమ్మలు, పాత చీర ఎర్రంచు పెట్టి లీదియా కట్టింది.

"ఒకామెకే ప్రైజొస్తే రెండో ఆమె నన్ను ఇడిచిపెట్టది. గందుకే రెండూ ఒక్కతీర్గ కడుతున్న" అంది మొగుడితో.

లింగమూర్తిగారు రెండు తలుపుల మధ్య నాలుగుసార్లు తిరిగి, తేడా దొరక్క ఇద్దరికీ మొదటి బహుమతి ప్రకటించారు. రెండు వీకెండ్లు కూర్చుని కట్టానంది ప్రశాంతి మేడమ్. ఇది చేస్తుంటే ఆఫీసు స్ట్రెస్సంతా పోయిందంది నీహారిక మేడమ్. లీదియా మా అందరికీ టీ అందిస్తూ వింది.

"లీదియా, ఇద్దరం కలిసి ట్వంటీ ఫిఫ్త్ పార్టీ పెట్టుకున్నాం. పొద్దున ఆరింటికల్లా వచ్చెయ్" అంది ప్రశాంతి మేడమ్.

"సెలవిస్తనన్నరు గదమ్మా. మాకు పండుగ."

"ఈసారి మాకూ పండుగే కదా!" అంది నీహారిక మేడమ్.

లింగమూర్తిగారు టీ ఊదుకుంటూ, "అన్నట్టు, ఆ రోజు పదింటికి లాన్‌లో మీరిద్దరూ పిల్లలకు దండ కట్టడం నేర్పాలి. గ్రూపులో పెట్టేశాను" అన్నారు.

మేడమ్‌లిద్దరూ లీదియా వైపు చూశారు. లీదియా ట్రే కింద పెట్టింది.

"మంచిగ నేర్పుతరు సార్. ఎవరు కట్టిన్రో ఆళ్లకే గద ఎర్కుండేది! అమ్మా, మరి నేను చర్చికి పోవాల్నా, ఈడ్నే ఉండి సార్‌తోని జర మాట్లాడాల్నా?"

"వెళ్లు, వెళ్లు! హ్యాపీ క్రిస్మస్!" అన్నారిద్దరూ ఒక్క గొంతుతో.

ఇరవై అయిదున పదింటికి లీదియా చర్చిలో మొదటి పాట పాడుతోంది, ఫోన్ ఆపేసి. ఇక్కడ లాన్‌లో ఇరవైమంది పిల్లల ముందు విజేతలిద్దరూ తీగను ఎటు వంచాలో ఒకరినొకరు అడుగుతున్నారు. ముందువరసలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మా టవర్‌లో నాకంత సంతోషం ఎన్నడూ కలగలేదు.