మైకు వదిలి విన్న మనిషి

మొన్న ఇక్కడ గల్ఫ్‌లో, ఖురం అనే పేటలో మా ఆఫీసు వ్యాను డ్రైవరు వైర్‌లెస్ మైకు నొక్కగానే రేడియోలో వస్తున్న పాట గరగరమని ఆగిపోయింది. నర్సన్న ఉంటే వాణ్ణి కసురుకునేవాడు. ఆయన లేడన్న సంగతి అప్పుడు మళ్లీ కొత్తగా తెలిసొచ్చింది.

ఇదే దేశంలో ఎడారి తీరాన దుక్మ్‌లో రేవు కడుతున్న రోజుల్లో ఆయన మా వర్క్‌షాపు ఫోర్‌మన్, జగిత్యాల వైపు మనిషి. నాది కాకినాడ. క్యాంపులో తెలుగువాళ్లం మేమిద్దరమే. ఫోను సిగ్నలు సరిగా ఉండేది కాదు. శుక్రవారం డ్యూటీ లేకపోయినా వెళ్లి సేఫ్టీ జీపులో కూర్చుని స్కానర్ పెట్టుకునేవాళ్లం. అది మాట్లాడదు, చుట్టుపక్కల సైట్ల చానళ్లన్నీ తిరుగుతూ ఎవరు మాట్లాడినా వినిపిస్తుంది. ఎవరివో కబుర్లు, ఎవరివో తిట్లు. మనిషి గొంతు కోసం అంతగా మొహం వాచి ఉండేవాళ్లం.

అదే జీపులో మేం మాట్లాడే వైర్‌లెస్ సెట్టు కూడా ఉండేది. దాని మైకు నొక్కితే, యాంటెన్నా నుంచి వెళ్లే తరంగాల జోరుకి పక్కనున్న స్కానర్ లోపల కాలిపోయేది. రెండు అలా పోయాక నర్సన్న యాంటెన్నాలను జీపుకి ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి బిగించి ఒక రిలే పెట్టాడు. మైకు నొక్కినంతసేపూ అది స్కానర్‌కి యాంటెన్నాతో సంబంధం తెంపుతుంది, వదిలితే కలుపుతుంది.

"మాట్లాడినంతసేపు మనం చెవిటోళ్లమే తమ్మీ. ఒక్క మాట చెప్పు, చెయ్యి తియ్యి, ఇను."

"మరీ ఒక్క మాటేంటి నర్సన్నా!" అని నవ్వేవాణ్ణి. నా నోరు అసలే ఊరుకోదు.

ఒక మధ్యాహ్నం ఇసుక గాలి లేచి పక్క సైటు నీళ్ల ట్యాంకరు దారి తప్పింది. నడిపేది ఒక పఠాను. తన చేతి సెట్టులో బ్యాటరీ అయిపోవస్తోందని అతను అనడం స్కానర్‌లో విన్నాం. మేం జీపులో బయలుదేరాం. ఏమైందని మా ఇన్‌ఛార్జి క్యాంపు నుంచి అడుగుతూనే ఉన్నాడు, నేను వివరంగా చెబుతూనే ఉన్నాను. నర్సన్న మైకు లాక్కుని, ఇక పిలవొద్దని ఇన్‌ఛార్జికి హిందీలో ఒక్క ముక్క చెప్పి పక్కన పెట్టేశాడు.

"ఆ ట్యాంకరోడు పిలుస్తుంటడు రా. నువ్వు మాట్లాడుతుంటె మనకెట్ల ఇనవడ్తది?"

ఇద్దరం నోరు మూసుకుని కూర్చున్నాం. అద్దాల బయట ఇసుక తప్ప ఏమీ లేదు. నాకు ఏడుపొచ్చింది. చాలాసేపటికి స్కానర్‌లో సన్నగా, "భాయ్... పైప్‌లైన్ కే పాస్..." అని వినిపించింది. పెదాలు పగిలిన మనిషి పైపులైను పక్కనే దొరికాడు. క్యాంపు చేరేదాకా నర్సన్న అతని చెయ్యి వదల్లేదు.

ఆయన ఊరెళ్లిపోయాక అప్పుడప్పుడు ఫోన్లో మాట్లాడుకునేవాళ్లం. పోయిన నెల ఆయన కూతురు ఫోను చేసింది.

"నాయిన పోయిండు కాకా."

ఓదార్చబోయి ఆగిపోయాను. అవతల ఏడుపు. కాసేపటికి, "కాకా, ఉన్నవా?" అంది.

"ఉన్నానమ్మా. వింటున్నాను, చెప్పు."

ఆ అమ్మాయి చాలాసేపు చెప్పింది.